దస్తావేజులు, పాత కాగితాలు స్కాన్ చేసేటప్పుడు రంగు, రిజల్యూషన్ సెట్టింగులను సరిగా ఎంచుకోవడం ఎలా

కర్నూలులో పొలం కాగితాలు, మార్కుల జాబితాలు, పాత ఫొటోలు స్కాన్ చేసి ఇచ్చే పనిలో ఉన్న నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒక్కటే: కలర్‌లో పెట్టాలా, బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టాలా, డీపీఐ (స్కాన్ ఎంత వివరంగా రావాలో చెప్పే అంకె) ఎంత ఉంచాలి? దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పడం కుదరదు. ఆ కాగితం మీద ఏది పోకుండా నిలవాలో తేల్చుకున్న తరువాతే సెట్టింగులు ముట్టుకోవాలి. స్కానర్ తెర మీద కనిపించే ప్రతి పదం కాగితంలోని ఏదో ఒక వివరాన్ని ఉంచడానికో తీసివేయడానికో ఉద్దేశించినదే కాబట్టి, ఆ పదాల అర్థం తెలియకుండా నొక్కితే ఏం పోయిందో కూడా తెలియదు.

కింది అడుగులు నేను రోజూ పని చేసే వరుసలోనే ఉన్నాయి. వరుస మార్చకుండా చేస్తే మళ్లీ మళ్లీ స్కాన్ చేయవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

1. ముందు కాగితాన్ని వెలుతురులో చూడండి

కాగితాన్ని అద్దం మీద పెట్టే ముందు కిటికీ దగ్గరకు తీసుకువెళ్లి ఒక నిమిషం చూడండి. పాత విక్రయ దస్తావేజునే తీసుకుంటే, అందులో నల్ల సిరాతో రాసిన వ్రాత, ఊదా రంగు కార్యాలయ ముద్ర, నీలం వేలిముద్ర, గెజిటెడ్ అధికారి పచ్చ సిరా సంతకం, అంచున ఎవరో పెన్సిల్‌తో వేసిన సర్వే నంబరు కలిసి ఒకే పుటలో ఉండవచ్చు. ఈ ఐదింటిలో నల్ల వ్రాత ఒక్కటే ఏ సెట్టింగులో పెట్టినా బతుకుతుంది. మిగిలిన నాలుగూ మీ ఎంపిక మీద ఆధారపడి ఉంటాయి.

చూడవలసినవి:
□ ఎన్ని రంగుల సిరాలు, ముద్రలు ఉన్నాయి?
□ అన్నిటికన్నా పలచగా ఉన్న గుర్తు ఏది?
□ వెనుక పుటలోని వ్రాత ముందుకు కనిపిస్తోందా?
□ నీటి మరక, చెద, మడత, చిరుగు ఎక్కడెక్కడ ఉన్నాయి?
□ కాగితం ఏ4 కంటే పొడవుగా ఉందా? స్టాంపు కాగితాలు సాధారణంగా పొడవుగానే ఉంటాయి.

ఆ పలచని గుర్తును గుర్తుపెట్టుకోండి. చివరి తనిఖీలో మనం మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

2. అద్దాన్ని, కాగితాన్ని సిద్ధం చేయండి

మన ప్రాంతంలో ఎండాకాలం దుమ్ము తలుపులు మూసినా లోపలికి వస్తుంది కాబట్టి, అద్దాన్ని ఏ పూటకాపూట తుడవడం మంచిది. స్కానర్ ప్లగ్ తీసి, నూగు రాలని మెత్తని గుడ్డ మీద కొద్దిగా ద్రవం చల్లుకొని తుడవాలి. అద్దం మీద నేరుగా చల్లితే అంచుల గుండా ద్రవం లోపలికి దిగి, తరువాత తుడవడానికి వీలులేని మరక అవుతుంది.

కాగితాలను వరుసగా లాక్కునే ఫీడర్ ఉన్న యంత్రమైతే, పెద్ద అద్దం పక్కన వేలెడు వెడల్పు ఉన్న సన్నని అద్దపు పట్టీని తప్పక తుడవండి. అక్కడ ఇసుక రేణువంత మరక ఉన్నా, కాగితం దాని మీదుగా జారుతుంది కాబట్టి ప్రతి పుటలోనూ పైనుంచి కిందికి ఒక గీత పడుతుంది. స్కానర్ చెడిపోయిందని నా దగ్గరికి తెచ్చిన యంత్రాలలో కొన్నింటికి ఈ పట్టీ తుడవడం ఒక్కటే సరిపోయింది.

పిన్నులు, స్టేపుల్ ముక్కలు తీసివేయండి. మడతలను చేత్తో సర్ది, బరువైన పుస్తకం కింద ఒక పూట ఉంచండి. చెద తిన్నవి, తడిసి ఆరినవి, అంచులు పొడిపొడిగా రాలేవి ఫీడర్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. వాటిని అద్దం మీదే, ఒక్కొక్కటిగా పెట్టాలి. ఏ4 అద్దం మీద పట్టని స్టాంపు కాగితాన్ని పై భాగం, కింది భాగం అని రెండుసార్లు స్కాన్ చేయండి. రెండిటిలోనూ నాలుగైదు పంక్తులు ఉమ్మడిగా రావాలి, అప్పుడే మధ్యలో ఏదీ పోలేదని చూసేవారికి తెలుస్తుంది.

3. రంగు విధానాన్ని ఎంచుకోండి

ఎక్కువ నష్టం జరిగేది ఈ అడుగులోనే కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను.

బ్లాక్ అండ్ వైట్ అనగానే మనకు పాత ఫొటోలు, పాత సినిమాలు గుర్తుకు వస్తాయి. వాటిలో నిజానికి నలుపు, తెలుపుల మధ్య ఎన్నో బూడిద ఛాయలు ఉంటాయి. స్కానర్‌లోని బ్లాక్ అండ్ వైట్ అది కాదు. అందులో ప్రతి చుక్కా పూర్తి నలుపో పూర్తి తెలుపో అవుతుంది, నడిమి ఛాయ ఒక్కటీ ఉండదు. మనం మామూలుగా బ్లాక్ అండ్ వైట్ అని పిలిచేదాన్ని స్కానర్ గ్రేస్కేల్ అంటుంది. పేర్లలోని ఈ తారుమారు వల్లనే చాలామంది పొరపాటు పడుతున్నారు.

మూడు విధానాలూ ఇవి:

బ్లాక్ అండ్ వైట్: చుక్కకు 1 బిట్. రెండే విలువలు.
గ్రేస్కేల్: చుక్కకు 8 బిట్లు. 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు, మొత్తం 256 ఛాయలు.
కలర్: చుక్కకు 24 బిట్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కదానికి 256 మెట్లు, అన్నీ కలిపితే 1,67,77,216 రంగులు.

బ్లాక్ అండ్ వైట్‌లో ఏ చుక్క నలుపు, ఏ చుక్క తెలుపు అని తేల్చే గీతనే థ్రెషోల్డ్ అంటారు. అది 128 దగ్గర ఉంటే, అంతకన్నా ముదురుగా ఉన్నదంతా నలుపు, లేతగా ఉన్నదంతా తెలుపు. వెలిసిన ఊదా ముద్ర విలువ 170 దగ్గర ఉందనుకోండి, అది మొత్తంగా తెలుపులో కలిసిపోతుంది. గీతను 190కి జరిపితే ముద్ర వస్తుంది, కానీ దాంతోపాటు కాగితం మీది మరకలు కూడా నల్లని మచ్చలై అక్షరాల మీదికి ఎక్కుతాయి.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. కొన్నేళ్ల క్రితం ఆదోని నుంచి వచ్చిన ఒక పెద్దాయన దస్తావేజును, ఫైలు చిన్నదిగా వస్తుందని, నేను బ్లాక్ అండ్ వైట్‌లో చేసి ఇచ్చాను. వ్రాత అద్దంలా వచ్చింది, కానీ చివరి పుటలోని ముద్ర జాడ కూడా లేదు. కాగితాలు చూసిన చోట వాటిని వెనక్కి పంపారు. ఆయన ఆ ఒక్క పుట కోసం మళ్లీ బస్సెక్కి రావలసి వచ్చింది. ఆ రోజు నుంచి సంతకం గానీ ముద్ర గానీ ఉన్న కాగితాన్ని నేను ముందు కలర్‌లోనే తీస్తున్నాను.

తెలుగు వ్రాతకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ‘ధ’ కింద ఉండే చిన్న గీత పోతే అది ‘ద’ అవుతుంది. గుడి, గుడిదీర్ఘం మధ్య తేడా ఒక చిన్న వంపు మాత్రమే. వత్తుల లోపలి ఖాళీలు నిండిపోతే ఏ వత్తో తెలియదు. అక్షరాలను గుర్తించే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చేటప్పుడు కూడా అందుకే గ్రేస్కేల్ ఇవ్వడం మేలు.

ఏది ఎప్పుడు:
□ ముద్ర, సంతకం, వేలిముద్ర, ఫొటో, మరక ఉంటే: కలర్
□ ఒకే రంగు సిరాతో ఉన్న నోటుపుస్తకం, టైపు కాగితం, పాత ఫొటోస్టాట్: గ్రేస్కేల్
□ కొత్తగా లేజర్ ప్రింటర్‌లో తీసిన, ముద్రలు లేని కాగితం: బ్లాక్ అండ్ వైట్ సరిపోతుంది

4. రిజల్యూషన్‌ను నిర్ణయించండి

డీపీఐ అంటే ఒక అంగుళం పొడవులో స్కానర్ తీసుకునే చుక్కల సంఖ్య. ఆ చుక్కలనే పిక్సెల్‌లు అంటారు. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో తీస్తే అడ్డంగా 2480, నిలువుగా 3508 పిక్సెల్‌లు వస్తాయి, అంటే దాదాపు 87 లక్షలు. కుదించకముందు ఇది కలర్‌లో సుమారు 26 ఎంబీ, గ్రేస్కేల్‌లో 8.7 ఎంబీ, బ్లాక్ అండ్ వైట్‌లో 1.1 ఎంబీ అవుతుంది.

డీపీఐని రెట్టింపు చేస్తే ఫైలు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది, ఎందుకంటే అడ్డం, నిలువు రెండూ పెరుగుతాయి.

□ మామూలు కాగితం, ఓసీఆర్: 300
□ సన్నని అక్షరాలు, వేలిముద్ర గీతలు, పెన్సిల్ వ్రాత: 400 నుంచి 600
□ పాస్‌పోర్టు సైజు ఫొటోను పెద్దది చేయించాలంటే: 600 లేదా 1200
□ వాట్సాప్‌లో చూపించడానికి మాత్రమే: 150

స్కానర్ పెట్టె మీద 9600, 19200 వంటి అంకెలు కనిపించవచ్చు. వాటిలో చూడవలసింది ఆప్టికల్ రిజల్యూషన్ ఒక్కటే, అది యంత్రపు కన్ను నిజంగా చూడగలిగిన మేర. అంతకు మించినది ఉన్న చుక్కల మధ్య సాఫ్ట్‌వేర్ ఊహించి నింపినది, దానివల్ల ఫైలు బరువు పెరుగుతుంది తప్ప కొత్త వివరం రాదు.

5. ప్రివ్యూ తీసి వెలుగును సర్దండి

నేరుగా స్కాన్ నొక్కకుండా ముందు ప్రివ్యూ చూడండి. కాగితం వంకరగా ఉంటే మళ్లీ సరిగా పెట్టండి. డీస్క్యూ అనే సదుపాయం వంకరను దానంతటదే సరిచేస్తుంది గానీ, బొమ్మను తిప్పేటప్పుడు అక్షరాల అంచులు కాస్త మెత్తబడతాయి.

తరువాత ఈ పదాలు వస్తాయి.

బ్రైట్‌నెస్ అన్ని ఛాయలనూ ఒకేసారి తెలుపు వైపుకో నలుపు వైపుకో జరుపుతుంది. కాంట్రాస్ట్ ముదురును ఇంకా ముదురుగా, లేతను ఇంకా లేతగా చేస్తుంది. ఈ రెండిటినీ అతిగా వాడితే అంచుల్లో ఉన్న ఛాయలు తెగిపోతాయి, తెగినవి ఆ ఫైలులో మళ్లీ రావు. గామా అలా కాదు, నలుపు తెలుపుల కొసలను కదిలించకుండా నడిమి ఛాయలను మాత్రమే మారుస్తుంది. వెలిసిన వ్రాతకు నేను ముందు గామానే ముట్టుకుంటాను.

హిస్టోగ్రామ్ అనేది ఏ ఛాయలో ఎన్ని చుక్కలు ఉన్నాయో చూపే కొండల బొమ్మ. ఎడమ కొస నలుపు, కుడి కొస తెలుపు. దస్తావేజుకైతే కుడివైపు ఒక పెద్ద కొండ ఉంటుంది, అది కాగితం. ఎడమ పక్క చిన్న గుట్ట సిరా. రెండిటి మధ్య పల్లంలో అక్కడక్కడా కనిపించే చిన్న చిన్న మిట్టలే ముద్రలు, పెన్సిల్ గీతలు. బొమ్మ కింద కుడివైపు ఉండే చిన్న త్రికోణం, ఏ ఛాయ నుంచి పూర్తి తెలుపుగా చూపాలో చెప్పే మీట. దాన్ని కాగితపు కొండ దాకా మాత్రమే జరపాలి. దాన్ని దాటి పల్లంలోకి దించితే కాగితం తెల్లగా మెరుస్తుంది, మిట్టలు మాయమవుతాయి.

ఆటో అని ఉన్న మీటలు కొత్త కాగితాలకు బాగానే పనిచేస్తాయి. పాత కాగితపు గోధుమ రంగును అవి లోపమనుకొని చెరిపివేస్తాయి కాబట్టి దస్తావేజులకు వాటిని ఆపి ఉంచండి.

డీస్పెకిల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది చిన్న చుక్కలను దుమ్ముగా భావించి తుడిచివేస్తుంది. 2.45 ఎకరాలు అని రాసి ఉన్నచోట ఎకరాలకూ సెంట్లకూ మధ్య ఉన్న చుక్క కూడా దాని దృష్టిలో దుమ్మే. అంకెలున్న కాగితానికి డీస్పెకిల్ వద్దు.

6. మరకలు, వెనుక వ్రాత, అచ్చు బొమ్మలు

2009 అక్టోబరు వరదలో కర్నూలు పాతబస్తీ ఇళ్లలోని కాగితాలు ఎన్నో తడిశాయి. ఆరబెట్టి దాచుకున్న ఆ దస్తావేజులు ఇప్పటికీ స్కాన్‌కు వస్తూనే ఉన్నాయి. పుట సగం దాకా టీ రంగు మరక, మరక అంచున ముదురు చార, ఆ చార కిందనే పొలం హద్దులు ఉంటాయి. ఇలాంటి చోట రంగును ఛానెళ్లుగా విడదీయడం బాగా పనికివస్తుంది.

కలర్ బొమ్మ ఎరుపు, పచ్చ, నీలం అనే మూడు పొరల కలయిక. ఏ రంగు గుర్తు ఆ రంగు పొరలో లేతబడుతుంది, దానికి దూరపు రంగు పొరలో ముదురుతుంది. గోధుమ మరక ఎరుపుకు దగ్గర కాబట్టి ఎరుపు పొరలో చాలావరకు తేలిపోతుంది, అదే పొరలో నీలం సిరా దాదాపు నల్లగా కనిపిస్తుంది. అందుచేత మరక కింద నీలం వ్రాత ఉంటే ఎరుపు పొరను విడిగా చూడండి.

చేసే పద్ధతి:
1) ముందు 400 డీపీఐలో కలర్ స్కాన్ తీసి, దాన్ని మార్చకుండా దాచండి.
2) దాని నకలును జింప్ వంటి సాఫ్ట్‌వేర్‌లో తెరవండి.
3) మోనో మిక్సర్‌లో ఎరుపును 1గా, పచ్చ, నీలాలను 0గా పెట్టండి.
4) ఆ తరువాతే కాంట్రాస్ట్ కొద్దిగా పెంచండి.

స్కానర్‌లోనే డ్రాపౌట్ కలర్ అనే సదుపాయం ఉంటే అందులో ఎరుపు ఎంచుకున్నా ఇదే జరుగుతుంది. అయితే ఎర్ర సిరాతో ఉన్న ముద్రలు, దిద్దుబాట్లు కూడా మరకతోపాటు పోతాయి కాబట్టి, ఈ బొమ్మ చదువుకోవడానికి మాత్రమే. కార్యాలయంలో గానీ బ్యాంకులో గానీ ఇవ్వవలసింది ముట్టని కలర్ ఫైలునే. మరకలు తీసిన కాగితం దిద్దిన కాగితంలా కనిపిస్తే, మీ నిజమైన దస్తావేజుకే అనుమానం వస్తుంది.

వెనుక పుటలోని వ్రాత కనిపిస్తుంటే కాగితం వెనుక నల్ల చార్టు పెట్టండి. స్కానర్ మూత తెల్లగా ఉంటుంది కాబట్టి వెలుగు కాగితం గుండా పోయి, మూతకు తగిలి వెనక్కి వచ్చి, వెనుక వ్రాతను కూడా చూపిస్తుంది. నలుపు ఆ వెలుగును మింగేస్తుంది. పుట మొత్తం కొంచెం మసకబారుతుంది, దాన్ని గామాతో సర్దవచ్చు.

పెళ్లి పత్రికలు, వార్తాపత్రికల బొమ్మలు స్కాన్ చేస్తే అలలు అలలుగా వచ్చే గళ్లను మోయిరే అంటారు. అచ్చులోని చుక్కల వరుస, స్కానర్ చుక్కల వరుస ఒకదానిపై ఒకటి పడటం వల్ల అది వస్తుంది. డీస్క్రీన్ అనే సదుపాయంలో వార్తాపత్రికకు అంగుళానికి 85, మామూలు మ్యాగజైనుకు 133, ఆర్ట్ పేపరు మీది అచ్చుకు 175 గీతలను ఎంచుకుంటే చాలావరకు పోతుంది. అక్షరాలు మాత్రమే ఉన్న కాగితానికి దీన్ని వాడకండి, అక్షరాలు మసకబారుతాయి.

7. ఫైలును భద్రపరచండి

టిఫ్, పీఎన్‌జీ ఫైళ్లలో తీసిన వివరం తీసినట్లే ఉంటుంది. జేపెగ్ అలా కాదు, బొమ్మను 8 పిక్సెల్‌ల చదరాలుగా విడగొట్టి కొంత వివరాన్ని వదిలివేస్తుంది. నాణ్యత బాగా తగ్గిస్తే అక్షరాల చుట్టూ ఈగలు ముసిరినట్లు మచ్చలు కనిపించేది అందుకే. జేపెగ్‌ను తెరిచి, మార్చి, మళ్లీ భద్రపరచిన ప్రతిసారీ కొంత పోతుంది. పీడీఎఫ్ అనేది ఒక సంచి వంటిది, లోపల ఉన్న బొమ్మ ఏ రకమో దాన్ని బట్టే నాణ్యత ఉంటుంది.

ఫైలును మరీ చిన్నది చేసే కుదింపు పద్ధతుల్లో ఒకే పోలిక ఉన్న ఆకారాలను ఒకటిగా కలిపివేసేవి కూడా ఉన్నాయి. ఆ పద్ధతి వల్ల కొన్ని యంత్రాలు 6 స్థానంలో 8 వేసినట్లు 2013లో బయటపడింది. సర్వే నంబర్లు, విస్తీర్ణాలు ఉన్న కాగితాలకు ‘అతి చిన్న ఫైలు’ వంటి ఎంపికలను పెట్టకండి.

దరఖాస్తుల్లో అడిగే కేబీ హద్దులోకి తేవాలంటే ఈ వరుసలో తగ్గించండి:
1) చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించండి.
2) 300 నుంచి 200కు, అవసరమైతే 150కి దించండి.
3) జేపెగ్ నాణ్యతను కొద్దికొద్దిగా తగ్గించండి.
4) రంగు గుర్తులేవీ లేకపోతేనే గ్రేస్కేల్‌కు మార్చండి.

ఇదంతా అసలు ఫైలు నకలు మీద చేయాలి. తగ్గించినదాన్ని మళ్లీ పెంచలేం.

8. తరచుగా వచ్చే లోపాలు, వాటి దిద్దుబాటు

పుస్తకం నడిమి మడత దగ్గర అక్షరాలు మసకగా ఉన్నాయి: మీది సన్నని సీఐఎస్ రకం స్కానర్ అయి ఉంటుంది. అద్దానికి అంటుకున్నదే దానికి స్పష్టంగా కనిపిస్తుంది. పుస్తకాన్ని మెల్లగా ఒత్తి పట్టుకోండి, లేదా లోతు చూడగల సీసీడీ రకం స్కానర్‌లో తీయించండి.

అక్షరాల అంచున ఎరుపు, నీలం నీడలు ఉన్నాయి: స్కాన్ జరిగేటప్పుడు కాగితం కదిలింది. ఈ సన్నని యంత్రాలు మూడు రంగుల దీపాలను ఒకదాని వెంట ఒకటిగా వెలిగిస్తాయి కాబట్టి, ఏ కొంచెం కదిలినా రంగులు విడిపోతాయి. మళ్లీ తీయండి.

ప్రతి పుటలో నిలువు గీత ఉంది: సన్నని అద్దపు పట్టీని తుడవండి.

పుట అంతా బూడిదగా ఉంది: కాగితపు కొండ హిస్టోగ్రామ్ కుడి కొసకు చేరలేదు, కుడి త్రికోణాన్ని జరపండి.

9. కాగితం మీ చేతిలో ఉండగానే సరిచూడండి

ఫైలును 100 శాతం పరిమాణంలో తెరిచి, అసలు కాగితాన్ని పక్కన పెట్టుకొని చూడండి. ఫోన్ తెర మీద చిన్నగా చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

□ మొదట గుర్తుపెట్టుకున్న ఆ పలచని గుర్తు కనిపిస్తోందా?
□ నాలుగు అంచులూ, పుట సంఖ్యలూ వచ్చాయా?
□ సర్వే నంబర్లు, ఎకరాలు, సెంట్లు, తేదీలు అంకె అంకెగా సరిపోయాయా?
□ స్టాంపు కాగితం వెనుక వైపు రాసినది, ముద్ర వేసినది స్కాన్ చేశారా?
□ ఫైలు పేరులో ఊరు, దస్తావేజు సంఖ్య, సంవత్సరం ఉన్నాయా?

వెనుక వైపును మరిచిపోవడం అందరూ చేసే పొరపాటు. రిజిస్ట్రేషన్ వివరాలు, వేలిముద్రలు చాలా పాత దస్తావేజుల్లో అక్కడే ఉంటాయి. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో తిరిగి పెట్టే ముందు దాన్ని ఒకసారి తిరగేసి చూడండి.